తలుపు తట్టి రాసిన సినిమా

పొద్దున పదింటికి వార్తా రచన క్లాసు, మధ్యాహ్నం రెండింటికి స్క్రీన్‌ప్లే క్లాసు. డిగ్రీ చివరి సంవత్సరంలో ఈ రెండు పేపర్లూ ఒకే రోజు పడేవి. పొద్దున సార్ ముప్పయ్యేళ్ళు పత్రికల డెస్కుల్లో నలిగి వచ్చిన మనిషి. అసలు సంగతి మొదటి వాక్యంలో లేకపోతే కాపీ పక్కన పడేసేవారు. మధ్యాహ్నం సార్ సినిమావాళ్ళ దగ్గర అసిస్టెంటుగా తిరిగి తిరిగి పాఠాలకొచ్చారు. అసలు సంగతి మొదటి సీన్లోనే చెప్పేస్తే ఇంక జనం కుర్చీల్లో ఎందుకు కూర్చుంటారయ్యా అని ఆయన గోల. ఇద్దరూ ఒకే బల్ల మీద చేతులానించి పాఠం చెప్పేవారు. మధ్యలో మేము క్యాంటీన్లో చల్లారిన పూరీ తిని బుర్రని తిరగేసుకుని కూర్చునేవాళ్ళం.

నా మొదటి కాపీ ఇప్పటికీ గుర్తు. ఒక కాలనీలో బోరు ఎండిపోయింది. తెల్లారింది, బిందెలు బారులు తీరాయి, ఒక ముసలమ్మ నిట్టూర్చింది అంటూ ఎత్తుకున్నాను. సార్ మూడు పేరాలు ఎర్ర సిరాతో కొట్టేసి, ఆఖరి వాక్యం చుట్టూ సున్నా చుట్టి, బాణం గీసి పైకి లాగారు. అదే రోజు మధ్యాహ్నం తండ్రీకొడుకుల సీన్ రాసుకెళ్ళాను. పొద్దున తిన్న దెబ్బ తలలో ఉంది కదా, కొడుకు గుమ్మంలో చెప్పులు విప్పకముందే ఉద్యోగం పోయిందని చెప్పేశాడు. రెండో సార్ చదివి, 'ఇది సీనా, సింగిల్ కాలం వార్తా?' అన్నారు.

ఈ రెండు పడవల ప్రయాణం ఎటు తేలుతుందో తెలియక కొట్టుకుంటున్నప్పుడు ఒక సీనియర్ స్పైరల్ బైండింగ్ చేయించిన జిరాక్స్ కట్ట ఒకటి చేతిలో పెట్టాడు. 'స్పాట్‌లైట్' స్క్రీన్‌ప్లే. సినిమా 2015లో వచ్చింది. రాసింది టామ్ మెకార్తీ, జోష్ సింగర్. మెకార్తీయే దర్శకుడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆస్కార్ల రాత్రి దానికి దక్కినవి రెండే రెండు: ఉత్తమ చిత్రం, ఉత్తమ ఒరిజినల్ స్క్రీన్‌ప్లే. జర్నలిజం, స్క్రీన్‌ప్లే రెండూ నేర్చుకుంటున్న విద్యార్థి ఒక్కటే స్క్రిప్టు చదవగలిగే తీరిక ఉందంటే నేను దీన్నే చదవమంటాను.

కథ తెలిసిందే. 2001లో బోస్టన్ గ్లోబ్ పత్రికకి మయామీ నుంచి మార్టీ బ్యారన్ అనే కొత్త సంపాదకుడొచ్చాడు. ఆ పత్రికలో పరిశోధన విభాగం పేరు స్పాట్‌లైట్. వాల్టర్ రాబిన్సన్, మైక్ రెజెండెస్, సాషా ఫైఫర్, మ్యాట్ క్యారల్, నలుగురు. పిల్లల్ని చెరిచిన కాథలిక్ ఫాదర్లని అక్కడి ఆర్చ్‌డయాసిస్, అంటే ఆ ప్రాంతపు చర్చిలన్నిటి పాలనా వ్యవస్థ, పోలీసులకి అప్పజెప్పకుండా, ఒక చర్చి నుంచి ఇంకో చర్చికి బదిలీ చేస్తూ కాపాడుకొచ్చిందని వీళ్ళు తవ్వి తీశారు. మొదటి కథనం 2002 జనవరి 6న అచ్చయింది. ఆ డిసెంబరులో ఆర్చ్‌డయాసిస్ అధిపతి కార్డినల్ బెర్నార్డ్ లా పదవి వదులుకున్నాడు. 2003లో పత్రికకి పులిట్జర్ ప్రజాసేవా పురస్కారం వచ్చింది. అంటే సినిమాకి వెళ్ళే ప్రేక్షకుడికి ముగింపు ముందే తెలుసు. ఎవరు చేశారో తెలుసు, పట్టుబడ్డారనీ తెలుసు. మరి రెండు గంటలు దేనికోసం చూస్తాడు?

ఇక్కడే నా రెండు క్లాసులకీ రాజీ కుదిరింది. పత్రికలో అసలు సంగతిని ముందు పెట్టే తలకిందుల పిరమిడ్ కట్టాలంటే, పైన పెట్టడానికి లీడ్, అంటే ఆ మొదటి వాక్యం, దొరకాలి. ఆ లీడ్ దొరికేదాకా విలేకరి పడే పాట్లు పేపర్లో ఎక్కడా రావు. ఈ స్క్రిప్టు ఆ పాట్లనే సినిమా చేసింది. విలేకరికి ఏ రోజు ఏది తెలిసిందో మనకీ ఆ రోజే తెలుస్తుంది, ముందూ కాదు, వెనకా కాదు. నేరం జరుగుతుండగా చూపించే సీన్ ఒక్కటీ లేదు. చెప్పినవాళ్ళ మాటలే ఉన్నాయి, రాసుకున్నవాళ్ళ నోటుబుక్కులే ఉన్నాయి. విలేకరి చూడనిది ప్రేక్షకుడికి చూపించకూడదని ఒట్టేసుకుని రాసినట్టుంటుంది. చిన్న మినహాయింపు ఉంది. 1976లో ఒక పోలీస్ స్టేషన్లో సినిమా మొదలవుతుంది. పిల్లల విషయంలో పట్టుబడ్డ ఒక ఫాదర్ని కారు వచ్చి చల్లగా తీసుకెళ్ళిపోతుంది. అక్కడ కూడా అసలు నేరం కనిపించదు. సర్దుబాటు ఎంత మామూలుగా, ఎంత మర్యాదగా జరిగిపోయిందో అదే కనిపిస్తుంది.

పాత్రని ప్రవేశపెట్టడం గురించి మా సార్ రెండు వారాలు చెప్పారు. బ్యారన్ని వీళ్ళు తీసుకొచ్చిన తీరు చూస్తే రెండు వారాలూ దండగనిపించింది. రాబిన్సన్ని అందరూ రాబీ అంటారు, ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు. కొత్త ఎడిటర్‌తో భోజనానికి వెళ్తే ఆయన బల్ల దగ్గర కూర్చుని ఆ ఊరి బేస్‌బాల్ జట్టు శాపం గురించిన పుస్తకం చదువుకుంటూ ఉంటాడు. పరీక్షకి కూర్చోబోయే కుర్రాడిలా. అంతే, మనిషి ఊరికి పరాయివాడని, ఊరిని పాఠంలా చదువుకునే రకమని, ఆటలంటే సరదా లేదని ఒక్క దెబ్బకి తెలిసిపోయింది. తర్వాత మర్యాదపూర్వకంగా కార్డినల్‌ని కలవడానికి వెళ్తే, ఆయన కూడా ఒక పుస్తకం చేతిలో పెడతాడు. చర్చి ధర్మబోధ గ్రంథం. బ్యారన్ యూదుడు. ఊరి గురించి అతని చేతికొచ్చిన పుస్తకాలు రెండూ కలిపితే ఆ ఊళ్ళో దేనికి మొక్కాలో తెలుస్తుంది. పత్రిక చందాదారుల్లో 53 శాతం కాథలిక్కులేనని ఇంకోచోట ఒక మాట దొర్లుతుంది. దాని మీద వ్యాఖ్యానం ఉండదు, ఆ అంకె బల్ల మీద అలా పడి ఉంటుంది.

అంకెల సంగతి వచ్చింది కనక చెప్పాలి. అంకెలతో నాటకం నడపడం ఇంత బాగా తెలిసిన స్క్రిప్టు నేను ఇంకోటి చదవలేదు. మొదట ఒక్కడే, జాన్ గేగన్ అనే ఫాదర్. తర్వాత ఫిల్ సావియానో అనే బాధితుడు పెట్టెడు కాగితాలతో ఆఫీసుకొచ్చి పదమూడుగురు అంటాడు. ఆ పెట్టె ఐదేళ్ళ కిందటే ఈ పత్రికకే పంపించానని కూడా అంటాడు. ఆ మాట మీద ఎవరూ ఎక్కువసేపు ఆగరు. మనమూ ఆగం. ఆపైన రిచర్డ్ సైప్ అనే పరిశోధకుడితో ఫోన్లో మాట్లాడుతుంటే పదమూడంటే చాలా తక్కువ, నా లెక్కలో ఆరు శాతం ఉంటారంటాడు. బోస్టన్లో ఉన్న ఫాదర్లు దాదాపు 1,500. ఆరు శాతం వేసుకోండి, 90. స్పీకర్ ఫోన్ చుట్టూ కూర్చున్న నలుగురి ముఖాల్లో నెత్తురు చుక్క ఉండదు. సైప్ ముఖం సినిమా మొత్తంలో ఎక్కడా చూపించరు, గొంతు ఒక్కటే. ఈ నిర్ణయం నాకు ఎంతో ఇష్టం. మనిషి కనిపించి ఉంటే మనం అతని కళ్ళజోడునీ గడ్డాన్నీ చూస్తూ కూర్చునేవాళ్ళం. గొంతే కనక, అంకెని వింటాం.

ఆ తొంభై మందిని పట్టుకోవడం ఎలా? ఇక్కడ వస్తుంది డైరెక్టరీల సీను. ఏ ఫాదర్ ఏ చర్చిలో ఉన్నాడో చెప్పే పుస్తకాన్ని ఆర్చ్‌డయాసిస్ ఏటా అచ్చేసేది. రహస్యమేం కాదు, పత్రిక లైబ్రరీలోనే అటకెక్కి ఉన్నాయి. తప్పు బయటపడ్డ ఫాదర్‌ని చర్చి నుంచి తప్పించిన సంవత్సరాల్లో అతని పేరు పక్కన 'అనారోగ్య సెలవు' అనో, 'నియామకం లేదు' అనో ఉందని వీళ్ళ కంట పడింది. అయితే ఇలాంటి మాటలు ఇంకెవరెవరి పేర్ల పక్కన ఉన్నాయి? ఏళ్ళ కొద్దీ డైరెక్టరీలు దించి, పేరు పేరు వరసనా కళ్ళు కాయలు కాచేలా చూసి, కంప్యూటర్లో పట్టిక వేశారు. తేలినవాళ్ళు 87.

జిల్లా విలేకరిగా నాలుగు రోజులు తిరిగిన ఎవరికైనా ఇక్కడ ఒళ్ళు ఝల్లుమంటుంది. 'పరిపాలనా కారణాల వల్ల' బదిలీ అయిన అధికారుల జాబితాలు మనమెన్ని టైప్ చేయలేదు! ఆ మూడు మాటల వెనక ఏముందో తెలిసి కూడా అచ్చంగా ఆ మూడు మాటలే అచ్చేసి ఊరుకుంటాం. అబద్ధం చెప్పాల్సినవాడు కూడా రికార్డులో ఏదో ఒకటి రాయక తప్పదు. అతను ఎంచుకున్న మాటే అతన్ని పట్టిస్తుంది. పరిశోధన పాఠంగా ఇది గొప్పదే. నేనిక్కడ పొగిడేది మాత్రం రచయితల అమరికని. పుస్తకంలో పేర్లు వెతకడం కంటే చప్పటి దృశ్యం సినిమాలో ఏముంటుంది? అందుకే తొంభై అన్న అంకెని ముందు మన చెవిలో వేశారు. ఆ తర్వాత పుస్తకాలు తెరిచారు. ఇప్పుడు మనమూ లెక్కపెడుతుంటాం, తొంభై రాకూడదని ఒక పక్క, వస్తుందేమోనని ఇంకో పక్క. ఇదే వరస తిప్పి, ముందు పుస్తకాలు, తర్వాత సైప్ అని పెడితే ఆ సీను నిద్రమాత్ర అయ్యేది.

ఇంటర్వ్యూల దగ్గర మా పొద్దున సార్ గుర్తొచ్చారు. సాషా ఒక బాధితుడితో మాట్లాడుతుంది. అతను జరిగిన దానికి పుస్తకంలో దొరికే మర్యాద మాట ఒకటి వాడి దాటేయబోతే, ఆమె మెత్తగా ఆపి, ఆ మాట సరిపోదు, ఏం జరిగిందో జరిగినట్టు చెప్పాలి, చదివేవాళ్ళకి తెలియాలి అంటుంది. మన పత్రికల్లో 'అసభ్యంగా ప్రవర్తించాడు' అనే మాట ఎన్ని దారుణాల మీద దుప్పటి కప్పిందో లెక్క తీస్తే ఒక డైరెక్టరీ అవుతుంది. రెజెండెస్ మాట్లాడిన కుర్రాడు ఇంకొకడు. ఐస్‌క్రీం కొనిపెడతానని ఫాదర్ తనని కారులో తీసుకెళ్ళిన సంగతి చెబుతాడు. ఏం జరిగిందో ఎక్కువ చెప్పడు. ఐస్‌క్రీం కరిగి చేతి మీదికి కారిందంటాడు. ఆ ఒక్కటి చాలు. కాగితం మీద వార్త రాసే మనిషి కూడా అదే ఏరుకుంటాడు. ఈ వివరం దగ్గర పొద్దున సార్, మధ్యాహ్నం సార్ ఇద్దరూ ఒకే పెన్నుతో టిక్కు పెడతారు.

సాషా తలుపులు తట్టే సీన్లు వరసగా వస్తాయి. చాలా తలుపులు ముఖం మీదే మూసుకుంటాయి. ఒక తలుపు తెరుచుకుంటుంది. ఎదురుగా ఒక మాజీ ఫాదర్, తెల్లబడ్డ జుట్టు, ఇంట్లో వేసుకునే బట్టలు. పిల్లలతో అలా చేశారా అని అడిగితే ఏ తడబాటూ లేకుండా అవునంటాడు. దానివల్ల తనకేం సుఖం కలగలేదని, బలవంతం చేయలేదని, ఆ తేడా తనకి తెలుసని, తన మీద అలాంటి బలవంతం జరిగిందని చెబుతాడు. కూరగాయల ధర చెప్పినంత తేలిగ్గా. ఇన్ని రోజులూ మూసిన తలుపులకి అలవాటు పడ్డ సాషాకి ఈ తెరిచిన తలుపు ముందు ఏం అడగాలో ఒక్క క్షణం తోచదు. తేరుకుని, మీ మీద ఎవరు చేశారు అని అడిగితే, అతను జవాబిచ్చేలోపు అతని సోదరి లోపలినుంచి వచ్చి తలుపు మూసేస్తుంది. వీధిలో పిల్లలు సైకిళ్ళు తొక్కుతుంటారు. మహా అయితే రెండు పేజీలు. విలన్ ఇంటికెళ్ళి నిలదీసే సీను మన సినిమాల్లో ఎలా ఉంటుందో మనకి తెలుసు. వానా, మెరుపులూ, పేజీన్నర డైలాగూ. ఇక్కడ నేరస్థుడు ఇంటి దగ్గర పొద్దుపోని పెద్దమనిషి. అందుకే అంత భయమేస్తుంది.

పాఠ్యపుస్తకం ఒప్పుకోని పని ఒకటి చేశారు వీళ్ళు. పరిశోధన ఊపందుకున్న సమయానికి 2001 సెప్టెంబరు 11 దాడులు జరిగాయి. నలుగురినీ ఆ వార్తల పనిలోకి లాగేశారు. కథ వారాలపాటు ఆగిపోయింది. నిజంగా జరిగింది అదే. ఏ సినిమా పండితుడైనా రెండో అంకం మధ్యలో బండి ఆపకూడదంటాడు. వీళ్ళు ఆపారు. ఆపినందువల్ల కష్టం రచయితల మీద పడలేదు, ఇరవై ముప్పై ఏళ్ళ తర్వాత నోరు విప్పిన బాధితుల మీద పడింది. మళ్ళీ ఎదురుచూపు, మళ్ళీ ఈ పేపరోళ్ళూ అంతేనన్న అనుమానం. జరిగినదాన్ని మార్చకుండానే నాటకానికి కావాల్సిన దెబ్బ దొరికింది.

ఇప్పుడు నన్ను నిలబెట్టేసిన సంగతి. స్క్రిప్టు పొడుగునా ఒక ముల్లు గుచ్చుతూ ఉంటుంది. సావియానో పెట్టె ఐదేళ్ళ కిందటే పంపానన్నాడు. ఎరిక్ మెక్‌లీష్ అనే లాయరు, ఇరవై మంది ఫాదర్ల జాబితా మీ పత్రికకి ఏనాడో ఇచ్చానంటాడు. సాషా పాత కాపీలు తిరగేస్తే దొరుకుతుంది, 1993 నాటి వార్త, స్థానిక (మెట్రో) పేజీల్లో లోపలెక్కడో. చర్చి చేసిన పాపం గురించి రెండు గంటలు చూశాక, అచ్చుకి ముందు సంపాదకుడి గదిలో ప్రశ్న ఇటు తిరుగుతుంది. అప్పట్లో మెట్రో పేజీల ఎడిటర్ ఎవరు? రాబీ తనే అంటాడు.

మొదట చూసినప్పుడు, ఓహో, నాయకుడికి ఒక మచ్చ పెట్టాలని రచయితలు అల్లారనుకున్నాను. మా మధ్యాహ్నం క్లాసులో అలాగే చెప్పేవారు మరి, పాత్రకి లోపం ఉండాలని. తర్వాత తెలిసింది, అల్లలేదు. మెకార్తీ, సింగర్ ఇద్దరూ స్క్రిప్టు రాయడానికి ముందు బోస్టన్ వెళ్ళి విలేకరుల్ని, బాధితుల్ని, లాయర్లని కూర్చోబెట్టి నెలల తరబడి మాట్లాడించారు. ఆ మాటల్లో మెక్‌లీష్ ఈ జాబితా సంగతి చెప్పాడు. వీళ్ళే పాత పేపర్లు తవ్వి ఆ వార్త పట్టుకున్నారు. పట్టుకెళ్ళి అసలు రాబిన్సన్ ముందు పెట్టారు. ఆయనకి గుర్తు లేదు. అప్పటికి మెట్రో బాధ్యత తీసుకున్న కొత్త అది. అయినా నా హయాంలో జరిగింది, నాదే అని ఒప్పుకున్నాడు. పులిట్జర్ తెచ్చిన పరిశోధకుల మీద సినిమా రచయితలు పరిశోధన చేసి, వాళ్ళకే తెలియని వార్త వాళ్ళ ఆఫీసు నుంచే బయటికి తీశారు! సినిమాలోని అతి బలమైన సీను రాత బల్ల మీద పుట్టలేదు. తలుపు తట్టి, అడిగి, రాసుకుంటే దొరికింది.

మెకార్తీ అంతకుముందు నటుడిగా 'ది వైర్' ధారావాహికలో అబద్ధపు వార్తలల్లే విలేకరి వేషం వేశాడు. ఆ ధారావాహికని సృష్టించిన డేవిడ్ సైమన్ పదేళ్ళకి పైగా బాల్టిమోర్ సన్‌లో నేరవార్తలు రాసిన మనిషి. పత్రికల నుంచి తెర మీదికి వెళ్ళిన ఈ దారి మనకి కొత్తేం కాదు. గూడవల్లి రామబ్రహ్మం 'ప్రజామిత్ర' నడిపిన చేత్తోనే 1938లో 'మాలపిల్ల' తీశారు. ముళ్ళపూడి వెంకటరమణ ఆంధ్రపత్రిక డెస్కులో సబ్ ఎడిటర్‌గా అక్షరం అక్షరానికీ కాపీ చెక్కి, ఆ పొదుపుని మాటల రచనకి పట్టుకెళ్ళారు. మరి మన సినిమాల్లో విలేకరి ఎందుకంత అన్యాయమైపోయాడు? అయితే భుజాన సంచీ తగిలించుకుని మొదటి పావుగంటలో చచ్చిపోతాడు, లేకపోతే మైకు ముక్కు మీద పెట్టి ముగ్గురు కలిసి ఒకే ప్రశ్న అరుస్తారు. మధ్యలో ఉండే డైరెక్టరీల విలేకరి మనకి కనిపించడు.

ఇంత మెచ్చుకున్నాక మచ్చ కూడా చెప్పాలి. ఒక సీనులో ఒక స్కూలు తరఫున మాట్లాడిన వ్యక్తి పాత్రకి అసలు పేరే వాడి, దాచిపెట్టే ధోరణి మాటలు పెట్టారు. నిజ జీవితంలో ఆయన అప్పట్లో బోస్టన్ కాలేజీ ప్రతినిధి. ఆ కాలేజీలోనే మెకార్తీ చదువుకున్నాడు. నేను ఆ మాటలు అనలేదని ఆయన అభ్యంతరం చెబితే, ఆ సంభాషణ కల్పితమని సినిమా పంపిణీ సంస్థ 2016లో బహిరంగంగా ఒప్పుకుంది. సినిమా మొత్తం అడిగి రాసుకున్నవాళ్ళు ఆ ఒక్క తలుపు తట్టలేదు. సరిగ్గా అక్కడే కాలు జారారు. మా పొద్దున సార్‌కి ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన ఏమీ అనలేదు. నల్లబల్ల మీద 'పేరు రాస్తే ఫోన్ చెయ్యి' అని రాసి చెరిపేశారు.

ఆ ఏడాది చివర మా ప్రాజెక్టు పది నిమిషాల స్క్రిప్టు. నేను సిటీ బస్సు కండక్టర్ గురించి రాశాను. చిల్లర గొడవ, రద్దీ, ఇంటికెళ్ళాక భార్యతో చిరాకు. మధ్యాహ్నం సార్ చదివి ఎంతమంది కండక్టర్లతో మాట్లాడావన్నారు. ఒక్కడితోనూ లేదు. మర్నాడు డిపోకెళ్ళాను. మొదటి ఇద్దరు పనుంది పొమ్మన్నారు. మూడో ఆయన డ్యూటీ దిగి, క్యాష్ కట్టేసి, టీ తాగుతూ మాట్లాడాడు. నేను రాసిన చిల్లర గొడవ విని నవ్వాడు. అదంతా మామూలే తమ్మీ అని, లేస్తూ లేస్తూ ఒక మాటన్నాడు. ఇంట్లో కూడా నిలబడే అన్నం తింటాడట. కూర్చుంటే ఎవరో టికెట్ తీసుకోకుండా దిగిపోతున్నట్టు ఉంటుందట.

తిరిగొచ్చి ఆఖరి సీను మళ్ళీ రాశాను. భార్యతో చిరాకు తీసేశాను, డైలాగులు తీసేశాను. ఆయన లోపలికొస్తాడు, కాళ్ళు కడుక్కుంటాడు. ఆమె ఎప్పటిలాగే కంచం తెచ్చి ఫ్రిజ్ మీద పెడుతుంది.